లేబుల్ మీద కనబడని చక్కెర

ప్రశ్న: మా వారికి షుగర్ ఉంది. ‘నో యాడెడ్ షుగర్’ అని ఉన్న మల్టీగ్రెయిన్ బిస్కెట్లే కొంటున్నాం. అయినా అవి తిన్నాక షుగర్ పెరుగుతోంది. ఎందుకని?

జవాబు: ముందువైపు రాతలు వదిలేసి ప్యాకెట్ వెనక్కి తిప్పండి. దినుసుల పట్టికలో బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత వస్తుంది. మొదట మైదా ఉండి, ఓట్స్, రాగి చివర్లో ఉంటే మల్టీగ్రెయిన్ అన్నది పేరుకే. ఆ మైదా కూడా అరిగి గ్లూకోజే అవుతుంది.

తర్వాత మాల్టోడెక్స్‌ట్రిన్ (మొక్కజొన్న వంటి వాటి పిండి నుంచి తీసే పొడి) ఉందేమో చూడండి. ఇది పిండిపదార్థం కిందకి వస్తుంది కాబట్టి షుగర్స్ లెక్కలోకి రాదు. రక్తంలో గ్లూకోజును మాత్రం చక్కెరలాగే త్వరగా పెంచుతుంది. అందుకే మీవారు పోషకాల పట్టికలో కేవలం ‘షుగర్స్’ గడి చూస్తే చాలదు, మొత్తం కార్బోహైడ్రేట్ చూడాలి.

మామూలు బిస్కెట్లలో ఇంకో కిటుకు. చక్కెర, ఇన్వర్ట్ సిరప్ (చక్కెరను విడగొట్టి చేసే పాకం), లిక్విడ్ గ్లూకోజ్ అని మూడు పేర్లతో విడివిడిగా వేస్తే ఒక్కొక్కటీ పట్టికలో కిందికి జారుతుంది. మూడూ కలిపితే రెండో స్థానంలో ఉండొచ్చు. డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, కార్న్ సిరప్ కూడా ఆ కోవలోవే. బెల్లం, తేనె వేశారని మురిసిపోకండి, అవీ చక్కెరలే.

అంకెలు సాధారణంగా 100 గ్రాములకు ఇస్తారు. 100 గ్రాముల్లో 24 గ్రాముల చక్కెర ఉంటే, 50 గ్రాముల ప్యాకెట్‌లో 12 గ్రాములు, అంటే మూడు చెంచాలు (చెంచాకు సుమారు 4 గ్రాములు). ‘షుగర్ ఫ్రీ’ అనాలంటే మాత్రం 100 గ్రాముల్లో అర గ్రాము మించకూడదు. అదీ చక్కెరకే, మైదాకు కాదు.