ఫార్మాట్ కొట్టించే ముందు ఇది చదువు

బుజ్జీ,

షాపతను ఫార్మాట్ తప్ప దారి లేదన్నాడా? ఆగమ్మా, ఇంకా అంతదాకా రాలేదు. నిన్నటిదాకా బాగున్న వైఫై, ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడే పోయిందంటే ముందు అనుమానించాల్సింది ఆ అప్‌డేట్‌నే, దాన్ని వెనక్కి తీసేయొచ్చు.

ముందు ఒక పని చెయ్. నీ విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకి తాళం వేసే ఏర్పాటు, ఆన్ అయి ఉంటే, ఈ మార్పుల మధ్యలో 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చోవచ్చు. అది నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్‌లోంచి తెరిచి కాగితం మీద రాసుకో. ఫోటోలు, ఆఫీసు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ. ఏ తేదీన ఏది వచ్చిందో అక్కడ ఉంటుంది. క్వాలిటీ అప్‌డేట్, అంటే నెలనెలా వచ్చే చిన్న మరమ్మతు, అయితే అదే పేజీలో కింద అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లోకి వెళ్లి, కేబీ నంబరు (KB అని మొదలయ్యే ఆ అప్‌డేట్ గుర్తింపు సంఖ్య) సరిచూసుకుని తీసేయ్. డ్రైవర్, అంటే వైఫై లాంటి భాగాల్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్, అయితే డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే చాలు, మిగతా వాటి జోలికి పోకు.

ఫీచర్ అప్‌డేట్, అంటే వెర్షనే మారిపోయిందంటే మాత్రం టైం తక్కువ. సిస్టమ్, రికవరీ, గో బ్యాక్ అన్న బటన్ మామూలుగా 10 రోజులే పనిచేస్తుంది. పాత విండోస్ అంతా సి డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, చోటు మింగేస్తోందని ఎవరో చెప్పారని డిస్క్ క్లీనప్ పెట్టావో, ఇక గో బ్యాక్ ఉండదు. వెనక్కి వెళ్తే నీ ఫైళ్లు ఉంటాయి కానీ అప్‌డేట్ తర్వాత వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి, మళ్లీ వేసుకోవాలి. ఛార్జర్ పెట్టి ఉంచు, కరెంటు పోయే వేళ మొదలుపెట్టకు.

అసలు విండోస్ తెరుచుకోకపోతే? కంగారేం లేదు. లోగో కనపడగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపెయ్, అలా రెండుమూడుసార్లు చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్.

అంతా సర్దుకున్నాక అప్‌డేట్స్‌ని పాజ్‌లో పెట్టు, లేకపోతే అదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. 5 వారాల దాకా ఆపొచ్చు. శాశ్వతంగా ఆపే చిట్కాలని యూట్యూబ్‌లో కనపడేవి నమ్మకు, సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా అందులోనే వస్తాయి.

ఇవన్నీ చేసినా వైఫై రాకపోతే, ఏ అప్‌డేటో ఆ కేబీ నంబరు నాకు వాట్సాప్ చెయ్. అప్పటిదాకా షాపుకి తీసుకెళ్లొద్దు.

పెదనాన్న