తొందర పాముపిల్లకి లేదు, మనకే

చిరంజీవి శ్రీనుకి టెక్కలి నుంచి మావయ్య ఆశీస్సులు.

పన్నెండు గుడ్లలో తొమ్మిది చీలాయనీ, రెండు పిల్లలు తల బయటపెట్టి కదలకుండా ఉన్నాయనీ రాశావు. వాటిని లాగకు. గుడ్డు చీల్చాక ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు కార్న్ స్నేక్ (విషంలేని అమెరికా పెంపుడు పాము) పిల్ల అందులోనే ఉంటుంది. మిగిలిన పచ్చసొనని ఆ సమయంలోనే కడుపులోకి తీసుకుంటుంది. లాగితే బొడ్డు దగ్గర చిరిగి నెత్తురు పోతుంది. వాటంతటవి వచ్చేదాకా ఒగ్గేయ్.

వచ్చినదాన్ని వచ్చినట్టు విడి డబ్బాలో పెట్టు. రెండు కలిసుంటే ఒకే ఎలకపిల్లని చెరోవైపు పట్టుకుని, ఆఖరికి ఒకటి రెండోదాన్నే మింగెయ్యొచ్చు. అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, గట్టిగా బిగిసే మూత చాలు. గాలికి చిల్లులు కాల్చిన దబ్బనంతో లోపల్నుంచి బయటికి పొడువు, గరుకు అంచు బయటివైపు ఉంటుంది. చిల్లు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. పెన్సిలంత సందున్నా దూరిపోతుంది. తప్పించుకున్న పాము పక్కింటివాళ్ల కంట పడితే అది అమెరికాదని చెప్పేలోగానే కర్ర పడిపోతుంది.

అడుగున టిష్యూ పేపర్ పరుచు, రెట్ట వెంటనే కనబడుతుంది. దాక్కోడానికి రెండు చోట్లుండాలి, ఒకటి వెచ్చనివైపు, ఒకటి చల్లనివైపు. అంచు కాస్త కత్తిరించి బోర్లించిన కాగితం టీ కప్పులు సరిపోతాయి. నీళ్లకి మట్టి ప్రమిద మంచిది, తిరగబడదు. నీళ్లు రోజూ మార్చు. నాగులచవితి వచ్చిందని పాలు మాత్రం పొయ్యకు.

వెచ్చనివైపు 28 నుంచి 30 డిగ్రీలు, చల్లనివైపు 24 ప్రాంతం ఉండాలి. పుస్తకాల్లో చెప్పే హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే పట్టా, చలిదేశాల మాట. మనకి డిసెంబరు, జనవరి రాత్రులకే అవసరం, అదీ వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ ఉంటేనే, డబ్బా కింద మూడోవంతు మేరకే. మన భయమంతా ఏప్రిల్ నుంచి జూన్ దాకానే. గది 33 దాటిందంటే మ్యాట్ తీసేసి డబ్బాలు నేలమీదికి దించు. గడ్డకట్టిన నీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి డబ్బాల పక్కన పెట్టు, లోపల కాదు. కరెంటు పోయే రోజులకి ఫ్రీజర్లో నాలుగు సీసాలు ఎప్పుడూ ఉంచుకో.

వానాకాలం సంగతి వేరు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి టిష్యూ తడిసి ఉండిపోతే పొట్టమీద పొక్కులు లేస్తాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా పాముల వైద్యం తెలిసిన డాక్టరుకి చూపించాలి.

చీమల్ని మరవకు. బల్ల కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టు. చీమల సుద్ద గీతలు, దోమల చుట్టలు ఆ గదిలో వద్దు, ఆ మందులు పాములకి పడవు.

ఇక తిండి. పుట్టిన వారం, పది రోజులకి మొదటి కుబుసం విడుస్తుంది. అంతదాకా పచ్చసొన సరిపోతుంది, ముందే పెడితే ముట్టదు. కుబుసం విడిచిన రెండు మూడు రోజులకి అప్పుడే పుట్టిన చిట్టెలక పిల్ల ఒకటి, ఫ్రీజర్లోంచి తీసి పెట్టు. ఇంట్లో పట్టిన ఎలకలు వద్దు, మందు తిని ఉండొచ్చు. దాన్ని కవర్లో పెట్టి గోరువెచ్చని నీళ్లలో ఉంచు, మైక్రోవేవ్ వద్దు, బయట ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది. తుడిచి, సాయంత్రం పటకారుతో టీ కప్పు గుమ్మం దగ్గర పెట్టి డబ్బామీద గుడ్డ కప్పు. తెల్లారేసరికి మిగిలితే తీసిపారెయ్. అయిదు రోజుల తర్వాత మళ్లీ చూడు. అప్పటికీ తినకపోతే ఎలకపిల్ల నెత్తిమీద సూదితో చిన్న గాటు పెట్టు, ఆ వాసనకి చాలావరకు లొంగుతాయి. కొన్ని వారాలు తినకపోయినా చావవు, కాబట్టి నోట్లో కుక్కొద్దు. బరువు తగ్గుతూ పోతేనే డాక్టరు.

తిన్నాక రెండు రోజులు ముట్టుకోకు. కక్కిందంటే ఎర పెద్దదైనా అయ్యుండాలి, నువ్వు చేత్తో తీసైనా ఉండాలి, లేదా గది మరీ వేడో చలో అయ్యుండాలి. అప్పుడు పది రోజులు నీళ్లే. ఆ తర్వాత సగం ఎలకపిల్ల. వెంటనే మళ్లీ పెడితే మళ్లీ కక్కుతుంది, రెండు మూడుసార్లు అలా అయిన పిల్ల దక్కడం కష్టం. అన్నీ సవ్యంగా ఉంటే అయిదారు రోజులకొకటి చొప్పున పెడుతూ పో.

కళ్లు నీలంగా మసకబారితే కుబుసం దగ్గరపడిందని అర్థం. అప్పుడు తడి గుడ్డ పెట్టిన చిన్న డబ్బా లోపల ఉంచు. కుబుసం విడిచాక తోక కొస చూడు. పాతతోలు ఉంగరంలా చుట్టుకుని ఉండిపోతే నెత్తురు ఆడక ఆ కొస ఎండి ఊడిపోతుంది. గోరువెచ్చని తడిగుడ్డలో కాసేపు పాకనిస్తే వదులుతుంది.

పెంచలేననిపిస్తే తోటలో వదలకు, ఇక్కడి జీవాలకి అది పరాయిది. సరదా పెరిగి జెర్రిపోతుని కూడా తెచ్చుకోకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

బంగారం తూచే చిన్న త్రాసు ఒకటి కొను. ఇప్పుడు ఒక్కోటి ఆరేడు గ్రాములుంటుంది. తొమ్మిదింటికీ అంకెలు వేసి, వారం వారం బరువు రాసి నెలాఖరుకి కాగితం ఫొటో పంపు.

మీ మావయ్య