హీట్, వేవ్స్ చదవడం గురించి బుజ్జిగాడికి పెదనాన్న

ఒరేయ్ బుజ్జీ,

హీట్ ఒకటి, వేవ్స్ ఇంకొకటి, రెండూ బుర్రకెక్కట్లేదని మెసేజ్ పెట్టావు కదా, ముందు ఆ ఫార్ములాల కాగితం పక్కన పడెయ్. ఫార్ములాలు నీకు వచ్చు, అవి దేని గురించో తెలీదు అంతే.

మొదటి తేడా హీట్‌కీ టెంపరేచర్‌కీ. గదిలో రాత్రంతా ఉన్న స్టీలు గ్లాసు, చెక్క బల్ల రెండూ ముట్టుకుని చూడు, స్టీలు చల్లగా అనిపిస్తుంది కానీ థర్మామీటర్ పెడితే రెండూ ఒకటే, స్టీలు నీ చేతి వేడిని గబగబా లాక్కుంటుంది, చెక్క లాక్కోదు, నీ చెయ్యి కొలిచేది ఆ లాక్కునే స్పీడుని. ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

తర్వాత గుప్తోష్ణం, అంటే టెంపరేచర్ మారకుండా ఆవిరి నీరుగానో నీరు ఆవిరిగానో మారేటప్పుడు ఇచ్చిపుచ్చుకునే వేడి. మరిగే నీళ్ల కంటే ఆవిరి ఎక్కువ కాలుస్తుంది, రెండూ 100 డిగ్రీలే అయినా. ఒక గ్రాము మరిగే నీరు మన ఒంటి వేడి 37కి దిగేలోపు ఇచ్చేది 63 క్యాలరీలు, అదే గ్రాము ఆవిరైతే నీరుగా మారేటప్పుడే దాదాపు 540 ఇచ్చేసి ఆ తర్వాత ఈ 63 కూడా ఇస్తుంది. ఇలాంటి లెక్క నువ్వే చేసి చూస్కో, బట్టీ పడితే పరీక్ష హాల్లో ఎగిరిపోతుంది (నాకు ఎగిరిపోయింది లే).

వేవ్స్‌లో ఒక్కటే చెప్తా. తాడు ఊపితే అల అటు చివరికి పోతుంది, తాడు మాత్రం ఎక్కడిదక్కడే పైకీ కిందకీ. ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్నిసార్లు ఊగిందో) ఊపే చేతిది, వేగం తాడుది, ఆ రెండూ కలిసి వేవ్‌లెంగ్త్‌ని (ఒక అల పొడవుని) తేలుస్తాయి. అందుకే ధ్వని గాల్లోంచి నీళ్లలోకి పోతే వేగం మారుతుంది, వేవ్‌లెంగ్త్ మారుతుంది, ఫ్రీక్వెన్సీ మారదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా, నాకు బాగా నచ్చేదిదే, ఈ రెండు చాప్టర్లూ కలిసే చోటు. గాల్లో ధ్వని వేగాన్ని న్యూటన్ 1687లోనే లెక్కగట్టాడు, పీడనాన్ని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే చాలన్నాడు, ఆ లెక్కలో 0 డిగ్రీల గాలి విలువలు వేస్తే సెకనుకి దాదాపు 280 మీటర్లు వస్తుంది, నిజంగా కొలిస్తేనేమో 0 డిగ్రీల దగ్గర 331. ఎందుకు తక్కువొచ్చిందంటే, గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే కాస్త వేడి వెంటనే పక్కకి పోయి టెంపరేచర్ అలాగే ఉంటుందనుకున్నాడాయన. వందేళ్లు దాటాక లాప్లాస్ వచ్చి, అబ్బే, నొక్కుకోవడం వదులుకోవడం అంత వేగంగా జరుగుతుంటే వేడి పోవడానికి టైమెక్కడిది, ఇది స్థిరోష్ణక ప్రక్రియ, అంటే వేడి బయటికి పోదు లోపలికి రాదు అన్నాడు. వర్గమూలంలో పీడనాన్ని 1.4తో గుణిస్తే 280 కాస్తా 331 అయి కూర్చుంది! అంటే హీట్ చాప్టర్ రాకపోతే ధ్వని వేగం న్యూటన్ అంతటోడికే తప్పొచ్చింది, నువ్వు రెండూ విడివిడిగా చదివి ఏం లాభం చెప్పు.

ఇంకొక్క ముక్క, అందరూ మార్కులు పోగొట్టుకునేది. తేడాలు తీసేటప్పుడు సెల్సియస్ అయినా కెల్విన్ అయినా ఒకటే, కానీ ధ్వని వేగం టెంపరేచర్ వర్గమూలంతో పెరుగుతుంది అన్నచోట కెల్వినే (సెల్సియస్‌కి 273 కలిపితే వచ్చేది) వెయ్యాలి.

0 డిగ్రీల దగ్గరున్న ధ్వని వేగం రెట్టింపు కావాలంటే గాలి ఎన్ని డిగ్రీలుండాలి? ఈ రాత్రికి చేసి స్టెప్పులతో సహా ఫోటో పంపు. 819 సెల్సియస్ రావాలి, వేరే ఏదొచ్చినా 273 ఎక్కడ మర్చిపోయావో వెతుక్కో.

మీ పెదనాన్న