విదేశీ పెట్టుబడి వస్తే ఎగుమతులు వాటంతటవే పెరుగుతాయా?

వియత్నాంను చూపించి, "శ్రీపెరుంబుదూరులో ఇన్ని విదేశీ ఫ్యాక్టరీలున్నాయి, మనమూ అలా ఎగుమతి చేస్తామా?" అని అడిగారు. ఎంత పెట్టుబడి వచ్చిందని కాదండీ, దేనికోసం వచ్చిందో చూడాలి.

బయట తయారైన కార్ల మీద మన సుంకం ఎక్కువ. అది తప్పించుకోవడానికి ఇక్కడ ప్లాంటు పెట్టే కంపెనీకి మన కొనుగోలుదారుడే ముఖ్యం. అయినా 1998లో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో శాంట్రోతో మొదలుపెట్టిన హ్యుందాయ్ కొరియా విడిభాగాల కంపెనీలను వెంటబెట్టుకుని వచ్చింది కాబట్టే ఇక్కడి నుంచి ఓడలకెక్కించడం గిట్టుబాటైంది. వియత్నాంలోని బాక్‌నిన్‌లో శాంసంగ్ ఫోన్ల ఫ్యాక్టరీ మొదటి నుంచీ ఎగుమతికే. వియత్నాం ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ పెట్టుబడి కంపెనీలవే. దక్షిణ కొరియా మాత్రం తొలి దశాబ్దాల్లో ఎక్కువగా విదేశీ అప్పు మీదే నడిచింది, అయినా ఎగుమతుల్లో దూసుకుపోయింది.

ఎగుమతి అంకె చూసి మురిసిపోయేవాళ్లు అడ్వాన్స్ ఆథరైజేషన్ అనే ప్రభుత్వ అనుమతి లెక్క ఒకసారి చూడాలి. విడిభాగాలను సుంకం లేకుండా తెప్పించుకుని, సాధారణంగా 18 నెలల్లో సరుకు చేసి పంపాలి. కనీస విలువ జోడింపు మామూలుగా 15 శాతం. అంటే 100 రూపాయల భాగాలు దిగితే 115 రూపాయల సరుకు పంపినా చాలు. పేపర్లో వచ్చేది 115, ఇక్కడ చేరింది 15. పైగా షిప్పింగ్ బిల్లులో, అంటే ఎగుమతికి కస్టమ్స్‌కిచ్చే పత్రంలో, ఆథరైజేషన్ నంబరు పడకపోతే ఆ సరుకు లెక్కలోకే రాదు, సవరణ కోసం కస్టమ్స్ చుట్టూ తిరగాలి.

యంత్రాలను సుంకం లేకుండా తెప్పించుకోవడానికి ఈపీసీజీ అనే పథకం. అలా కట్టకుండా మిగుల్చుకున్న సుంకానికి 6 రెట్లు 6 ఏళ్లలో ఎగుమతి చేయాలి, అందులో సగం మొదటి 4 ఏళ్లలోనే. కోటి మిగిలితే 6 కోట్లు. ఆర్డర్లు తగ్గితే తగ్గిన మేరకు సుంకం వడ్డీతో కట్టాలి.

ఇక పెట్టుబడి ఒప్పందాల ఫొటోలు! పాత వాటాదారు దగ్గర విదేశీ కంపెనీ షేర్లు కొన్నా అది విదేశీ పెట్టుబడి లెక్కే, కొత్త యంత్రం ఒక్కటీ దిగదు. తడ పక్కన శ్రీసిటీకి ఏం వచ్చిందని అడిగేటప్పుడూ ఈ తేడా గుర్తుంచుకోండి.

నమ్మకం కుదరకపోతే ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైటులో 100 రూపాయలు కట్టి ఆ కంపెనీ పత్రాలు తెరవండి. బోర్డు రిపోర్టులో విదేశీ మారకం రాబడి, ఖర్చు పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదాన్ని మించితే, ఆ ఫ్యాక్టరీ డాలర్లు తెచ్చేది కాదు, పట్టుకెళ్లేది.