లిస్టు నీ చేతికి ఇచ్చేముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మన కాలేజీ పూర్వ విద్యార్థుల మెయిలింగ్ లిస్టును, అంటే ఒక్క చిరునామాకు రాస్తే సభ్యులందరికీ ఈమెయిల్ వెళ్లే ఆ ఏర్పాటును, ఇకమీద నువ్వు చూసుకుంటానన్నావని అక్క చెప్పింది. సంతోషం. పదిహేనేళ్లు నడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను, అదేమంత కష్టమైన పని కాదు. కానీ అందులో ఎవరూ పట్టించుకోని పెట్టెలు రెండున్నాయి.

మన లిస్టును నడిపే సాఫ్ట్‌వేర్ పాత మెయిల్‌మన్ 2.1. అడ్మిన్ పేజీలో మొదటే ఓనర్ల, అంటే నిర్వాహకుల, ఈమెయిల్ చిరునామాలు రాసే పెట్టె ఒకటి, మోడరేటర్లకు ఒక పెట్టె కనిపిస్తాయి. వరుసకు ఒక చిరునామా. ఓనర్ సెట్టింగులన్నీ మార్చగలడు. మోడరేటర్ అనుమతి కోసం ఆగిన ఉత్తరాలనూ, చేరతామన్నవారి అభ్యర్థనలనూ చూస్తాడు, అంతే.

అయితే ఆ పెట్టెలో చిరునామా రాసినంత మాత్రాన ఎవరికీ లోపలికి దారి దొరకదు. గుమ్మం మీద పేరు రాయడం వేరు, తాళంచెవి ఇవ్వడం వేరు. ఓనర్లందరికీ కలిపి ఒక పాస్‌వర్డ్, మోడరేటర్లందరికీ ఇంకొకటి. వాటిని మనమే విడిగా చెప్పాలి. తీసేసేటప్పుడూ ఇదే తంతు. చిరునామా చెరిపేస్తే వాళ్లకు ఉత్తరాలు ఆగుతాయి గానీ పాత పాస్‌వర్డ్ పనిచేస్తూనే ఉంటుంది. ఎవరు తప్పుకున్నా ఆ రోజే మార్చెయ్యి. అలిగి వెళ్లినవాడైతే ఆ గంటలోనే! మెయిల్‌మన్ 3లో ఎవరి ఖాతా వారిదే కనుక ఈ బెడద లేదు. తీరిక చూసుకుని అటు మారు.

ఇక నా నిర్వాకం విను. ఓనర్ పెట్టెలో నా ఆఫీసు చిరునామా ఒక్కటే ఉండేది, మోడరేటర్ పెట్టె ఖాళీ. రిటైరైన వారానికి ఆ ఖాతా మూసేశారు. నాకు ఆ సంగతే తట్టలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నాతో చదువుకున్న ఒకాయన పోయారు. వాళ్లబ్బాయి లిస్టుకు కబురు పంపాడు. సభ్యుడు కాడు కనుక ఉత్తరం మోడరేషన్‌లో ఆగింది. ఆగిందని మెయిల్‌మన్ నాకు రాసింది, లేని చిరునామాకు. ఆ అబ్బాయి నిర్వాహకులకు రాసే చిరునామాకు, అంటే లిస్టు పేరు పక్కన హైఫన్, ఓనర్ అని ఉండేదానికి, మళ్లీ రాశాడు. అదీ అక్కడికే పోయింది. పన్నెండో రోజు కూడా దాటాక, వేరే పని మీద ఫోను చేసిన మిత్రుడు చెబితే తెలిసింది. పేజీ తెరిచి చూస్తే ఆ నాలుగు వాక్యాల ఉత్తరం, అంత్యక్రియల వేళతో సహా, అలాగే ఉంది. ఆ అబ్బాయికి ఏం జవాబు రాయాలో ఇప్పటికీ నాకు తెలియదు.

అందుకని ఇద్దరు ఓనర్లకు తగ్గకు. చిరునామాలు సొంతవై ఉండాలి, ఉద్యోగం ఇచ్చినవి వద్దు. మోడరేటర్లలో ఒకరు అమెరికాలో ఉంటే మంచిది, మనం నిద్రపోయే వేళ వాళ్లు చూస్తారు. ఓనర్ పెట్టెలో లిస్టు చిరునామానే పెట్టే మహానుభావులూ ఉన్నారు. నిర్వాహకుడికి గుట్టుగా రాసుకున్న ఫిర్యాదు ఊరందరి ముందూ పడుతుంది.

కొత్త చిరునామా చేర్చాక, ఓనర్లెవరిదీ కాని ఖాతా నుంచి ఆ హైఫన్ ఓనర్ చిరునామాకు ఒక ఉత్తరం పంపి చూడు. అది ఓనర్లకూ మోడరేటర్లకూ అందరికీ వెళ్లాలి. అందరూ అందిందని చెప్పేదాకా వదలకు. ఒక్క అక్షరం తప్పుపడినా మెయిల్‌మన్ పట్టుకోలేదు. అన్నట్టు, ఓనర్ అయినంత మాత్రాన సభ్యుడివి కావు. సభ్యత్వం విడిగా తీసుకోవాలి.

ఆదివారం ఫోను చెయ్యి. పాస్‌వర్డ్ నోటితోనే చెబుతాను. లోపలికి వెళ్లగానే మార్చెయ్యి, కొత్తది నాకు చెప్పకు.

ఇట్లు,
మీ మామయ్య