పబ్బులు, బార్లు తెరిస్తే కరోనా పెరిగిందా? తేదీలు కాదు, గది చూడండి

మీరు అడిగింది ఇదీ: మాంచెస్టర్‌లో ఉన్న మీ తమ్ముడు "2020 జులైలో ఇంగ్లండ్‌లో పబ్బులు తెరిచారు, రెండు నెలలు ఏమీ కాలేదు, మళ్లీ మూయించడం అనవసరం" అంటాడు. మీ నాన్నగారేమో "మే నెలలో వైన్ షాపులు తెరిచాకే మన ఊళ్లోకి జబ్బొచ్చింది" అంటారు. ఇద్దరిలో ఎవరిది నిజం అని.

ఇద్దరూ తేదీలు పట్టుకుని వాదిస్తున్నారండి. తేదీలతో ఇది తేలదు.

నాది అమలాపురం దగ్గర మెడికల్ షాపు. కరోనా కాలమంతా కౌంటర్లోనే ఉన్నాను. మా షాపుకి కాస్త దూరంలోనే అప్పట్లో ప్రభుత్వ వైన్ షాపు ఉండేది. లాక్‌డౌన్ తర్వాత 2020 మే 4న అది తెరిచిన రోజు క్యూ మా వీధి దాటి వెళ్లింది. మర్నాడు రేట్లు మొత్తం మీద 75 శాతం పెంచినా క్యూ తగ్గలేదు. టీవీలో అవే బొమ్మలు చూసి అందరం హడలిపోయాం. కానీ ఆ క్యూ ఎర్రటి ఎండలో, నడిరోడ్డు మీద. మనుషులు మూతికి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డారు. కిటికీ దగ్గర తోసుకున్నారు, నిజమే, అక్కడ సోకదని నేను అనను. అయినా ఆరుబయట కాసేపు నిలబడడానికి, గదిలో రెండు గంటలు ఎదురెదురుగా కూర్చోవడానికి చాలా తేడా ఉంది.

అప్పట్లో మా ఊరున్న తూర్పు గోదావరి జిల్లాలో జబ్బు విజృంభించింది ఆగస్టులో. రాష్ట్రంలోనే ఎక్కువ కేసులు మా జిల్లావి. అప్పటికి బార్లు ఇంకా మూసే ఉన్నాయి, వాటిని సెప్టెంబరులో గానీ తెరవనివ్వలేదు. కాబట్టి ఆ ఆగస్టు పాపం బార్లది కాదు. ఎక్కువగా శ్రావణమాసం పెళ్లిళ్లది, పెద్దకర్మ భోజనాలదేనని నా నమ్మకం. మందులకొచ్చిన వాళ్లని అడిగితే చాలామంది చెప్పింది అదే. బార్లు తెరిచాక కేసులు తగ్గాయి కదా అని ఇంకొకరు అనొచ్చు. తగ్గాయి. బార్లు తెరిచినందుకు తగ్గాయని మాత్రం ఎవరూ అనరు.

ఇక సీసా కొన్నవాడు ఎక్కడ కూర్చున్నాడన్నది అసలు సంగతి. 2019 అక్టోబరులో షాపులు ప్రభుత్వం చేతికి వచ్చాక, షాపు పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు పోయాయి. దాంతో అప్పట్లో సిట్టింగులన్నీ కాలవ గట్టు మీద, కొబ్బరి తోటల్లో. వాన పడితే మోటారు షెడ్లో. ఆగస్టులో ఒక ముసురు రోజున నాకు తెలిసిన నలుగురు కుర్రాళ్లు రొయ్యల చెరువు కాపలా షెడ్లో, తలుపేసుకుని, చాలాసేపు కూర్చున్నారు. ఆ వారంలోనే వాళ్ల ఇళ్ల నుంచి ఒకరి తర్వాత ఒకరు డోలో కోసం వచ్చారు. ఒకరి తండ్రి ఆక్సిజన్ దాకా వెళ్లి బతికి బయటపడ్డారు. ఇదొక్కటే రుజువని చెప్పను. కానీ ఇతర దేశాల్లో జాగ్రత్తగా ఆరా తీసినప్పుడు కనబడింది కూడా ఇలాంటిదే.

చైనాలోని గ్వాంగ్‌జౌలో 2020 జనవరిలో ఒక ఏసీ రెస్టారెంటులో పక్కపక్క బల్లల దగ్గర మూడు కుటుంబాలు భోంచేశాయి. వూహాన్ నుంచి వచ్చిన ఒకరితో కలిపి పది మందికి జబ్బు తేలింది. కిటికీల్లేవు, ఏసీ గాలి ఆ మూడు బల్లల మధ్యే తిరిగింది. అదే అంతస్తులో మిగతా బల్లల వాళ్లకి రాలేదు. ఆ ఏడాది మే నెలలో దక్షిణ కొరియా ఆంక్షలు సడలించగానే సియోల్ ఇటెవాన్ ప్రాంతంలో నైట్‌క్లబ్బుల నుంచి ఒకరి ద్వారా ఒకరికి సోకిన కేసుల గుంపు బయటపడింది, రెండొందల మందికి పైగా. క్లబ్బులు మళ్లీ మూయించారు.

తాగేటప్పుడు మాస్కు ఉండదు. పాట హోరులో మాట వినబడక ముందుకు వంగి అరుస్తాం. రెండో రౌండుకి దూరం సంగతే గుర్తుండదు. మందులో వైరస్ ఏమీ లేదు, ఈ కూర్చునే తీరులో ఉంది ప్రమాదం.

మీ తమ్ముడు చెప్పిన ఆ రెండు నెలలు చూద్దాం. జులై 4న పబ్బులు తెరిచేసరికి ఇంగ్లండ్‌లో జబ్బు బాగా తగ్గి ఉంది, పైగా అది వాళ్ల వేసవి. జనం బయట తోటలో కూర్చుని తాగారు. ఆగస్టులో ప్రభుత్వమే సగం ధరకి తినమని హోటళ్లకి పంపింది. ఆ పథకం నడిచినప్పుడు కొత్తగా బయటపడ్డ ఇలాంటి కేసుల గుంపుల్లో 8 నుంచి 17 శాతం దాని వల్లేనని వార్విక్ యూనివర్సిటీ ఆర్థికవేత్త ఒకరు లెక్కగట్టారు. చలి మొదలై అందరూ లోపలికి చేరారు, కిటికీలు మూశారు. నవంబరు 5న పబ్బులన్నీ మళ్లీ మూతపడ్డాయి. కారణం పబ్బులొక్కటే కాదు, స్కూళ్లు, కాలేజీలు కూడా తెరిచారు.

మన దగ్గర లెక్క తలకిందులు. వాళ్లకి చలికి కిటికీలు మూతపడతాయి, మనకి ఎండలకి. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఉక్కపోతకి ఏసీ లేని బార్లో ఎవరూ కూర్చోరు. అద్దాలు మూసి, పరదాలు వేసి, అదే గాలి తిప్పితిప్పి వదులుతారు. 2021లో రెండో వేవ్ సరిగ్గా ఆ నెలల్లోనే మీద పడింది. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే అంతా కర్ఫ్యూ అన్నారు. ఏసీ బార్లని అంతకు ముందే ఆపి ఉండాల్సిందని నేను గట్టిగా నమ్ముతాను.

అలాగని మూయమనేసి ఊరుకుంటే సరిపోదు. ఇంగ్లండ్‌లో పబ్బు మూసినప్పుడు పనివాళ్ల జీతంలో 80 శాతం, నెలకి 2,500 పౌండ్ల దాకా ప్రభుత్వం ఇచ్చింది. ఇక్కడ మా బంధువుల అబ్బాయి ఒక బార్లో సప్లయర్. 2020 మార్చి నుంచి సెప్టెంబరు దాకా జీతం లేదు, టిప్పులు లేవు. కొబ్బరి దింపుకి, ఒలుపుకి కూలికెళ్లాడు. తెరిచాక జ్వరం వచ్చినా సెలవు అడగలేకపోయాడు, మానేస్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారని. డోలో వేసుకుని అదే ఏసీ గదిలో బల్ల బల్లకీ తిరిగాడు. కస్టమరు రెండు గంటలుండి పోతాడు, వీడు పొద్దుపోయేదాకా ఆ గాలే పీల్చాలి, జబ్బుంటే అందరికీ పంచాలి కూడా.

మీ తమ్ముణ్ణి అప్పట్లో వాళ్ల పబ్బు గురించి ఈ సంగతులు అడగండి: బయట కూర్చోడానికి చోటుండేదా, చలిలో కూడా కిటికీలు తెరిచేవారా, పాటల సౌండ్ తగ్గించారా, ఒంట్లో బాగోలేదంటే పనివాడికి జీతంతో సెలవిచ్చేవారా. ఔనంటే తెరవనివ్వాల్సిందని నేనే అంటాను. లేదంటే మీ నాన్నగారు చెప్పిన కారణం తప్పైనా, అప్పుడు ఆ పబ్బు మూసి ఉంచడమే మంచిదయ్యేది.