రైతుబీమా తీసుకున్నాం, ఇక యాక్సిడెంట్ కేసులో పరిహారం రాదా?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. మా ఆయన లారీ డ్రైవరు, వయసు 35, జీతం నెలకు 18 వేలు. మొన్న జులై చివర్లో హైవే మీద ఎదురుగా వస్తున్న లారీ డివైడర్ దాటి వచ్చి గుద్దింది. హైదరాబాదులో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయారు. పోలీసులు ఎదుటి లారీ డ్రైవరు మీదే చార్జిషీటు వేశారు. ఆసుపత్రి బిల్లు 3 లక్షల 60 వేలు అయితే మా లారీ ఓనరు లక్షన్నర కట్టాడు, మిగతాది బంగారం తాకట్టు పెట్టి మేం కట్టాం. ఎకరం పొలం ఉంది కాబట్టి రైతుబీమా 5 లక్షలు వచ్చింది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే బీమా 2 లక్షలు కూడా వచ్చింది. ఇంత తీసుకున్నాక కోర్టులో ఏమీ రాదని మా ఊళ్లో అంటున్నారు. ఒక మధ్యవర్తేమో లేబర్ ఆఫీసులో ఒకటి, మోటారు కోర్టులో ఒకటి, మా అత్తయ్య పేరుతో ఖమ్మంలో ఇంకొకటి వేయిస్తాను, అన్ని వైపుల నుంచీ డబ్బు వస్తుంది అంటున్నాడు. ఇద్దరు పిల్లలు, అత్తయ్య నా దగ్గరే ఉన్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఊళ్లో వాళ్లు చెప్పిందీ తప్పే, ఆ మధ్యవర్తి చెప్పిందీ తప్పే. మొదటి మాట వింటే రావాల్సిన డబ్బు వదులుకుంటారు. రెండో మాట వింటే మీరే కేసులో ఇరుక్కుంటారు.

ముందు రైతుబీమా సంగతి. ఒకే నష్టానికి రెండుసార్లు పరిహారం ఇవ్వకూడదన్నది చట్టంలో ఉన్న సూత్రమే. అయితే చనిపోయిన మనిషి కుటుంబానికి వచ్చే ప్రతి రూపాయీ పరిహారం కాదు. 1998లో హెలెన్ రెబెల్లో కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. అక్కడ మహారాష్ట్ర ఆర్టీసీ, చనిపోయిన వ్యక్తి కుటుంబానికి జీవిత బీమా డబ్బు వచ్చింది కాబట్టి అంత మేర పరిహారం తగ్గించాలని అడిగింది. కోర్టు కుదరదంది. ఆ మనిషి జబ్బు చేసి పోయినా, మరోలా పోయినా బీమా డబ్బు ఆ కుటుంబానికి వచ్చేదే. అది అతను చేసుకున్న ఒప్పందం వల్ల వచ్చింది, బస్సు గుద్దినందుకు రాలేదు. ప్రావిడెంట్ ఫండ్, ఫ్యామిలీ పెన్షన్, బ్యాంకు డిపాజిట్లు కూడా అంతేనని అదే తీర్పు చెప్పింది. 2013లో విమల్ కన్వర్ కేసులో, కారుణ్య నియామకం కింద వచ్చే జీతాన్ని కూడా పరిహారంలోంచి తీసేయకూడదని చెప్పారు.

రైతుబీమా ఎల్ఐసీ ద్వారా ఇచ్చే గ్రూపు జీవిత బీమా. 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు ఇస్తారు. కాబట్టి హెలెన్ రెబెల్లో తీర్పు దీనికి నేరుగా వర్తిస్తుంది. ప్రీమియం ప్రభుత్వం కట్టింది కదా, మీ ఆయన జేబులోంచి పోలేదు కదా అని ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు వాదించవచ్చు. అయినా ఆ ప్రీమియం ఎదుటి లారీ ఓనరో అతని ఇన్సూరెన్స్ కంపెనీయో కట్టలేదు కదా! తెలంగాణ ప్రభుత్వం రైతు కోసం కట్టిన డబ్బుతో తప్పు చేసిన వాడి బాకీ తీరదు.

బ్యాంకు బీమా, అంటే ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాద మరణానికే ఇస్తారు. అందుకే దీని మీద వాదన కాస్త గట్టిగా పెడతారు. అయినా మీ ఆయన పాము కరిచి పోయినా ఆ 2 లక్షలు వచ్చేవి. దానికి మోటారు ప్రమాదమే జరగాలని లేదు. ప్రీమియం ఆయన ఖాతాలోంచే వెళ్లింది. నా లెక్కలో అదీ తగ్గించకూడదు.

మరి తగ్గించేది ఎప్పుడు? హర్యానాలో ఒక నియమావళి ఉంది. ప్రభుత్వ ఉద్యోగి చనిపోతే అతని జీతం ఎంతో అంతే కొన్నేళ్ల పాటు కుటుంబానికి నెలనెలా ఇస్తారు. 2016లో శశి శర్మ కేసులో ఆ మొత్తాన్ని మోటారు పరిహారంలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకంటే కోర్టు లెక్కగట్టేదీ పోయిన జీతమే, ప్రభుత్వం ఇస్తున్నదీ ఆ జీతమే. అదే తీర్పులో ఫ్యామిలీ పెన్షన్‌ను, జీవిత బీమాను మాత్రం ముట్టుకోవద్దన్నారు. కాబట్టి ఏ డబ్బు గురించైనా అది ఏ నష్టం కోసం ఇచ్చారు, ఎవరు ఇచ్చారు అని చూడాలి. ఎంత వచ్చిందన్నది కాదు లెక్క.

ఇప్పుడు లేబర్ ఆఫీసు. ఆ మధ్యవర్తి మాటలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మీ ఆయన డ్యూటీలో చనిపోయారు కాబట్టి ఓనరు మీద ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం కింద (మన దగ్గర అందరూ డబ్ల్యూసీ కేసు అంటారు) హక్కు ఉంది. ఎదుటి లారీ మీద మోటారు వాహనాల చట్టం కింద హక్కు ఉంది. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 167 ప్రకారం రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి. 2005లో మస్తాన్ కేసులో సుప్రీంకోర్టు, ఒక దారి ఎంచుకున్న వాళ్లు ఆ దారిలోనే వెళ్లాలని చెప్పింది. (2025 నవంబరు 21 నుంచి ఆ డబ్ల్యూసీ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది గానీ మీ ప్రమాదం అంతకు ముందు జులైది, మీకు పాత చట్టమే.)

ఏది ఎంచుకోవాలో లెక్క వేసి చూద్దాం. డబ్ల్యూసీలో జీతం ఎంత ఉన్నా 15 వేలకు మించి లెక్కలోకి తీసుకోరు. దానిలో సగం 7,500. 35 ఏళ్లకు చట్టంలో ఇచ్చిన ఫ్యాక్టరు 197.06. గుణిస్తే 14,77,950 రూపాయలు. అదే మోటారు కోర్టులో 18 వేల జీతం రుజువైతే ఏడాదికి 2,16,000. సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం 40 ఏళ్ల లోపు వాళ్లకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 3,02,400. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, 2,26,800 మిగులుతుంది. 35 ఏళ్లకు గుణకం 16. మొత్తం 36,28,800. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డల ఎడబాటుకిచ్చే సొమ్ము, వైద్య ఖర్చు దీనికి అదనం. ఎదుటి డ్రైవరు మీదే చార్జిషీటు ఉన్నప్పుడు డబ్ల్యూసీకి వెళ్లడంలో అర్థం లేదు. తప్పు మీ ఆయనదే అయి ఉంటే మాత్రం ఇదే ప్రశ్నకు నా జవాబు వేరేలా ఉండేది. డబ్ల్యూసీలో డ్రైవరు తప్పు చేశాడా లేదా అన్నది మామూలుగా అడ్డురాదు. అప్పుడు ఆ 14 లక్షలే దిక్కు.

ఒక జాగ్రత్త. ఓనరు గానీ అతని ఇన్సూరెన్స్ వాళ్లు గానీ డబ్బు డిపాజిట్ చేస్తామని మిమ్మల్ని లేబర్ ఆఫీసుకు రమ్మనవచ్చు. వాళ్లంతట వాళ్లు డబ్ల్యూసీ చట్టం సెక్షన్ 8 కింద డిపాజిట్ చేస్తే తీసుకోండి, తప్పు లేదు. 2013లో ధ్యామవ్వ కేసులో సరిగ్గా ఇదే జరిగింది. యజమాని డిపాజిట్ చేసిన డబ్బు భార్య తీసుకున్నంత మాత్రాన ఆమె ఆ దారి ఎంచుకున్నట్టు కాదని, మోటారు కోర్టులో కేసు నడుస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. అందిన డబ్బు మాత్రం పరిహారంలోంచి తగ్గుతుంది, అది న్యాయమే. అయితే అక్కడ పరిహారం కోరుతూ మీ పేరుతో ఉన్న దరఖాస్తు మీద మాత్రం సంతకం పెట్టొద్దు. ముందుగా నింపేసిన కాగితాలు ముందుకు తోసి ‘ఇక్కడ ఒక సంతకం, అక్కడ ఒకటి’ అనేవాళ్లు ఆ ఆఫీసు వరండాలోనే దొరుకుతారు. మీ లాయరు చదివాకే చేతికి పెన్ను తీసుకోండి.

అత్తగారి పేరుతో ఖమ్మంలో వేరే కేసు అన్న మాట వదిలేయండి. ఆమెను మీ అర్జీలోనే ఒక అర్జీదారుగా చేర్చాలి. ఆమె వాటా కోర్టే తేలుస్తుంది. ఒకే ప్రమాదం మీద రెండు చోట్ల కేసు వేసి, రెండో చోట మొదటిది దాచిపెడితే అబద్ధపు ప్రమాణం కింద చిక్కుల్లో పడతారు. ఇప్పుడు పోలీసులే ప్రమాద నివేదికను మోటారు కోర్టుకు, అంటే ట్రిబ్యునల్‌కు పంపుతున్నారు, వివరాలు ఆన్‌లైన్‌లో ఉంటున్నాయి, ఇన్సూరెన్స్ కంపెనీలు సరిపోల్చి చూస్తున్నాయి. ఉత్తరప్రదేశ్‌లో దొంగ క్లెయిముల మీద సిట్ వేశారు, కొందరు లాయర్ల మీద కూడా చర్యలు తీసుకున్నారు. మీ మధ్యవర్తికి పోయేదేం లేదు, సంతకాలన్నీ మీవి.

ఆసుపత్రి బిల్లు దగ్గర నిజాయితీగా ఉండాలి. 3 లక్షల 60 వేలూ మేమే కట్టామని రాయొద్దు. ఓనరు కట్టిన లక్షన్నర మీ ఖర్చు కాదు. మీరు కట్టిన 2 లక్షల 10 వేలకు రసీదులు, బంగారం తాకట్టు కాగితం జతచేయండి. ఆరోగ్యశ్రీలో ఉచితంగా చేయించుకున్న చికిత్సకు కూడా ఇలాగే మీ జేబు ఖర్చు ఉండదు. సొంత మెడిక్లెయిమ్ (ఆసుపత్రి ఖర్చుల బీమా) ఉన్నవాళ్ల సంగతి వేరు, దాని మీద హైకోర్టులు ఒక మాట మీద లేవు. 2025 మార్చిలో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ మెడిక్లెయిమ్ డబ్బు తగ్గించకూడదంది. కర్ణాటక హైకోర్టు తగ్గించాలంది. నాకు బొంబాయి మాటే సబబనిపిస్తుంది. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టింది రోగి, లాభపడేది గుద్దినవాడు అంటే ఎలా?

సాక్ష్యం చెప్పే రోజు కంపెనీ లాయరు ‘రైతుబీమా 5 లక్షలు, బ్యాంకు బీమా 2 లక్షలు తీసుకున్నారు, నిజమేనా?’ అని అడగడం ఖాయం. చాలామంది అక్కడ టెన్షన్ పడి ‘తెలియదు’ అనేస్తారు. అప్పుడు మీ పాస్‌బుక్కు బయటికి వస్తుంది, ఆ తర్వాత మీరు చెప్పే జీతం లెక్కను కూడా నమ్మరు. ‘అవును సార్, తీసుకున్నాను’ అనండి, అంతే. అది తగ్గించాలా వద్దా అన్నది మీ లాయరు చూసుకుంటారు. అసలు ఆ రెండు మొత్తాలూ అర్జీలోనే రాయించేస్తే ఆ ప్రశ్నకు పదునే ఉండదు.

ఇక గడువు. 2022 ఏప్రిల్ నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ఓపీ (మోటారు కోర్టులో వేసే అర్జీ) వేయాలని చట్టంలో ఉంది. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు విచారణలో ఉంది గానీ, మీరు ఆ వాదన దాకా వెళ్లాల్సిన పని లేదు. మీకు జనవరి చివరి దాకా టైముంది. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఆయన లైసెన్సు, వయసు రుజువు, ఆసుపత్రి రసీదులు, ఎదుటి లారీ ఇన్సూరెన్స్ పాలసీ నంబరు తీసుకుని సూర్యాపేట కోర్టుల్లో మోటారు ఓపీలు చేసే లాయరును ఈ వారంలోనే కలవండి. జీతం చేతికిచ్చేవారైతే ఓనరు దగ్గర సంతకంతో జీతం సర్టిఫికెట్ ముందే తీసుకోండి, అవసరమైతే ఆయన్ను సాక్షిగా పిలిపించవచ్చు. లాయరు ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు.